లోపలికి రాండ్రి

మిన్ను కమ్మీ మీది నుంచి ఒక చేయి తీసి నాకు టాటా చెప్పింది. నన్ను మొదట భయం తాకింది సరిగ్గా అప్పుడే. అంతకుముందు క్షణం దాకా ఆ సాయంత్రం మామూలు సాయంత్రమే. హన్మకొండలో మా అపార్ట్‌మెంట్ పక్కనున్న పార్కులో నేను సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒళ్లో నీళ్ల సీసాలు, మొక్కజొన్న కంకులు. ఎదురుగా గిర్ర. గిర్ర అని పేరు పెట్టింది పిల్లలే. నడుమ ఇరుసు మీద తిరిగే గుండ్రటి ఇనుప పళ్లెం, అంచు పొడుగునా పట్టుకోవడానికి కమ్మీలు. దాని అంచున ఐదుగురు కూర్చున్నారు. మా అపార్ట్‌మెంట్ పిల్లలు ముగ్గురు, పదేళ్ల మా పెద్దది నిత్య, ఐదేళ్ల మా చిన్నది మిన్ను. వాళ్లే నాలుగు అడుగులు పరుగెత్తి తోసి, ఎక్కి కూర్చున్నారు. చక్రం హాయిగా తిరుగుతోంది. ప్రతి చుట్టులో మిన్ను ముఖం నా ముందు నుంచి నవ్వుతూ పోతోంది. మూడో చుట్టులోనో నాలుగో చుట్టులోనో అది చేయి ఊపింది.

నా సంగతి ముందే చెప్పుకోవాలి. నాకు ఫికర్ ఎక్కువ. గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్లు దిగాక రెండుసార్లు పైకి వెళ్లి చూసి వస్తాను. పిల్లలు ద్రాక్షపండు తింటుంటే ఎదురుగా కూర్చుని వాళ్ల గొంతులు చూస్తాను. "నీకు ఫికర్ల పీహెచ్‌డీ ఇయ్యాలె" అంటాడు మా ఆయన. నాకు తెలిసిన మందు ఒక్కటే, "లోపలికి రా" అని అరవడం. బాల్కనీలో ఉంటే లోపలికి రా, వాన పడితే లోపలికి రా, రోడ్డు మీద కుక్క కనిపిస్తే లోపలికి రా. నా లెక్కలో ప్రమాదం ఎప్పుడూ బయటే ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకు ఏమీ కాదు. అందుకే మిన్ను చేయి ఊపగానే ఒళ్లోని కంకులు కింద పడేసి లేచి నిలబడి, పార్కంతా వినపడేలా అరిచాను. "అంచుల కూసోకుండ్రి! లోపలికి రాండ్రి! అందరు నడుమకు రాండ్రి!"

పెద్ద పిల్లలు నలుగురూ మంచి పిల్లలు. మాట విన్నారు. అదే కొంప ముంచింది. ఒకరి వెనుక ఒకరు పాకుతూ నడుమకు వెళ్లి ఇరుసును వాటేసుకుని కూర్చున్నారు. మిన్ను మాత్రం అంచునే ఉండిపోయింది. దానికి పాకే ధైర్యం చాలలేదు. ఇక అప్పుడు గిర్ర జోరందుకుంది. ఎవరూ తోయడం లేదు, నా కళ్లతో నేను చూస్తూనే ఉన్నాను. అయినా చక్రం అంతకంతకూ వేగంగా తిరిగింది. మిన్ను ముఖం నవ్వుతూ పోయింది, మరుచుట్టుకు నవ్వకుండా పోయింది, ఆ పై చుట్టుకు ముఖం కనిపించలేదు, జుట్టు ఒక్కటే కనిపించింది. ఒళ్లు బయటికి వాలిపోయి, రెండు చేతులతో కమ్మీకి వేలాడుతోంది. నేను పరుగెత్తి ఎదురొచ్చిన కమ్మీని పట్టుకున్నాను. అది నన్ను కూడా ఈడ్చుకుపోయింది. ఒక చెప్పు పోయింది, మోకాలు గీరుకుపోయింది. మడమలు ఇసుకలో తన్నిపెట్టి సగం చుట్టు ఈడ్చుకుపోయాక చక్రం నెమ్మదించింది. అప్పుడు మిన్ను పట్టు జారి బోర్లా ఇసుకలో పడింది. గడ్డం చిట్లి రక్తం కారింది.

దాన్ని ఎత్తుకున్నాక నేను చేసిన మొదటి పని నిత్య మీద అరవడం. "పెద్దదానివి, బుద్ధి లేదా? చెల్లె ఉంటే గంత జోరుగ తిప్పుతరా?" చుట్టూ తల్లులు మూగారు. నిత్య తెల్లమొహం వేసింది. "నేను తిప్పలే అమ్మా. ఎవ్వరు తిప్పలే. నువ్వే లోపలికి రమ్మన్నవ్" అంది. "ఎదురు మాట్లాడకు" అన్నాను. దవాఖానలో మిన్ను గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. డాక్టరు ఇచ్చిన చాక్లెట్ తో అది అరగంటలో మామూలు మనిషైంది. నిత్య కాలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు వేళ్లతో జరుపుతూ ఉండిపోయింది. వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చి "ఏమైంది, ఎవరు తిప్పిన్రు?" అని అడిగితే తల ఎత్తకుండా, "నేనే డాడీ, జోరుగ తిప్పిన" అంది.

ఆ మాట విన్నప్పుడు నా చేతిలో పప్పు గరిటె ఉంది. మా ఆయన "పోనీలే, ఇంకోసారి జర చూసుకో" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెయ్యని పనిని చేశానని ఒప్పుకునే ఆ గొంతు నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ల వయసులో అది నా గొంతు.

మా బాపు హసన్‌పర్తిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. తెలుగు మీడియం. కాలేజీ వదిలినా పాఠం ఆయనను వదిలేది కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క, ఉతికినా పోని తెల్లటి మరక, దగ్గరికి వెళ్తే సుద్దపొడి, కొబ్బరినూనె కలిసిన వాసన. మా ఇంట్లో తలుపు కూడా తలుపులా తెరవడానికి వీల్లేదు. నేను బందుల పక్కన చేయి పెట్టి తోస్తే ఆపేవాడు. "అక్కడ తోస్తే ఎట్ల కదుల్తది? బందుకు ఎంత దూరం పోతే అంత అల్కగ తిరుగుతది. అంచుకు రా" అనేవాడు. నేను అంచుకు వెళ్లి చిటికెన వేలితో తోస్తే తలుపు కదిలేది. ఆయన ముఖంలో ఆ తలుపును తానే కనిపెట్టినంత సంతోషం. బాత్రూములో నేను జారి పడితే గుమ్మం దగ్గర నిలబడి, "ఘర్షణ లేకపోతే మనిషి అడుగు ముందుకు పడదు బిడ్డా, చూసినవా" అని మొదలుపెట్టేవాడు. వంటింట్లోంచి అమ్మ, "ముందు పిల్లను లేపుండ్రి, తర్వాత పాఠం చెప్పుండ్రి" అని కేకేసేది.

ఆయనకు లొంగని విద్యార్థి మా నాయనమ్మ ఒక్కతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో గోనెసంచి పరుచుకుని, ఒక కాలు చాపుకుని, ఇసుర్రాయి ముందు కూర్చునేది. పెసలు గుప్పెడు గుప్పెడుగా రాయి కంట్లో పోస్తూ తిప్పుతుంటే, పచ్చి పప్పు వాసన, నాయనమ్మ నశ్యం వాసన, రాయి గరగర ఇల్లంతా నిండేవి. నాకు నిద్ర ముంచుకొచ్చేది. బాపు మాత్రం గొంతుక్కూర్చుని రాయినే చూసేవాడు. "అవ్వా, ఆ పిడి జర అంచు దిక్కు బిగిస్తే నీకు బలం తక్కువ పడ్తది" అన్నాడొకసారి. నాయనమ్మ తిప్పడం ఆపలేదు. "నా రాయికి పిడి ఎక్కడుండాల్నో నాకు ఎరుకే. అంచుకు పెడితే నా చేయి గంత దూరం తిరగాలె, నా భుజం పోవాలె. మీ కాలేజిల గిదేనా చెప్పేది? దీనికి పుస్తకాలెందుకు సారూ, రెండు శేర్ల పెసలియ్యి, నేను చెప్త" అంది. కన్నకొడుకును సారూ అని పిలిచేది, ఆయన మరీ సారు అయిపోయినప్పుడల్లా. బాపు తల గోక్కుని, "అదీ నిజమే. బలం తగ్గితే దూరం పెరుగుతది" అని లేచి వెళ్లిపోయాడు. ఓడిపోయినా నియమం గెలిచినందుకు సంతోషించే మనిషి ఆయన.

అన్నిటికంటే ఆయనకు ప్రాణం కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. ఆ పేరు ఆయన నోట్లో ఎక్కడా తడబడకుండా, పటికబెల్లంలా కరిగేది. నాయనమ్మ దాన్ని ఏదో గ్రహశాంతి మంత్రం అనుకుంది. నాకు పెద్దబిడ్డ పుట్టినప్పుడు నిత్య అని పేరు ఆయనే పెట్టాడు. మా అత్తగారింటి వాళ్లు అమ్మవారి పేరని మురిసిపోయారు. నాకు అనుమానం ఉంది గానీ ఇప్పటిదాకా అడగలేదు.

ఆ ఎండాకాలం, కాలేజీ ల్యాబులోని తిరుగుడు స్టూలు బేరింగులు పట్టేశాయని, బాపు దాన్ని స్కూటర్ వెనుక కట్టుకుని ఇంటికి తెచ్చాడు. రెండు రోజులు కిరోసిన్ తో కడిగి గ్రీజు పెట్టాడు. మూడో రోజు ఇంట్లో మామిడికాయ తొక్కు పెడుతున్నారు. వాకిట్లో పాత ధోవతి మీద ముక్కలు ఆరుతున్నాయి. పెద్ద పళ్లెంలో కారం, ఆవపిండి కుప్పలుగా పోసి ఉన్నాయి. గోడ వారగా రెండు జాడీలు. ఒక దాంట్లో అప్పటికే తొక్కు నింపి మూతికి గుడ్డ కట్టారు. వెల్లుల్లి వాసనకు, కాగిన నూనె వాసనకు వీధిలో పోయేవాళ్లు కూడా తలుపు ముందు ఒక అడుగు నెమ్మదిగా వేస్తున్నారు. అంత పెద్ద వాకిట్లో బాపుకు స్టూలు పెట్టడానికి ఆ ధోవతి పక్కనే జాగా దొరికింది. తాత ఒకప్పుడు నడిపిన కిరాణా దుకాణం తాలూకు రెండు కిలోల ఇనుప తూకం రాళ్లు చేతికొకటి పట్టుకుని, స్టూలెక్కి కూర్చుని, చేతులు రెండు పక్కలకు చాపాడు. "జర మెల్లగ తోయి బిడ్డా. పువ్వును తోసినట్టు" అన్నాడు.

నేను పువ్వును తోసినట్టే తోశాను. బాపు నెమ్మదిగా తిరిగాడు. దేవుడి ఊరేగింపులా ఒక చుట్టు, రెండు చుట్లు. "ఇగ చూడు" అన్నాడు. రాళ్లను గుండెల మీదికి లాక్కున్నాడు. బాపు ముఖం, వీపు, ముఖం, వీపు. కళ్లజోడు ఎగిరిపోయింది. గ్రీజు ఆయన అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. అప్పుడు ఆయన చెయ్యాల్సింది చేతులు మళ్లీ చాపడం, క్లాసులో వందసార్లు చెప్పిన మాటే. కానీ కళ్లు తిరిగిన మనిషికి పాఠం గుర్తుండదు. కుడిచేతి రాయి వదిలేశాడు. అది గుండ్రంగా తిరుగుతూ పోలేదు. చేయి జారిన చోటి నుంచి సూటిగా, గీత గీసినట్టు వెళ్లి నింపిన జాడీ కడుపులో దిగింది. ఆ వెనుకే బాపు వచ్చి కారం పళ్లెంలో పడ్డాడు.

నాయనమ్మ లోపలి నుంచి తెడ్డుతో వచ్చింది. ఎర్రటి నూనె వాకిలంతా పాకుతోంది. కారంలో మునిగి, కళ్లు మూసుకుని, తుమ్ముతూ కూర్చున్న కొడుకును చూసింది. "ఏందిది?" అంది. బాపు మూడుసార్లు తుమ్మి, తెడ్డు ఎటువైపు ఉందో తెలియని గుడ్డితనంలో చేయి నా వైపు చాపాడు. "పిల్ల గట్టిగ తోసింది" అన్నాడు. నాయనమ్మ నా వైపు తిరిగి, "గట్టిగ తోసినవా?" అంది. నేను నా చేతులు చూసుకున్నాను. బాపు అబద్ధం చెప్పడు, ఫిజిక్స్ సారు. అయితే నేనే గట్టిగా తోసి ఉంటాను. "తోసిన" అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు. అంతకంటే పెద్దదే జరిగింది, నాకు పేరు పెట్టారు. తోపుడుబండి. ఆ ఏడు తొక్కు ఆరు నెలలకే అయిపోయింది. అన్నంలోకి పచ్చిపులుసు ఒక్కటే ఉన్న రోజుల్లో ఎవరో ఒకరు, "తొక్కేది?" అనేవాళ్లు. "తోపుడుబండిని అడుగు" అని ఇంకొకరు. అందరూ నవ్వేవాళ్లు, బాపు కూడా. నేనూ నవ్వేదాన్ని. కానీ స్కూల్లో ఊయల ఊపమంటే ఊపేదాన్ని కాదు. సైకిల్ తోయమంటే దూరం జరిగేదాన్ని. నా చేతుల్లో నాకు తెలియని బలమేదో ఉందని, అది ఎవరినో ఒకరిని పడేస్తుందని లోపల గట్టిగా నమ్మాను. ఇప్పటి నా ఫికర్ కు గుడ్డు ఎక్కడ పెట్టారో వెతికితే ఆ వాకిట్లోనే దొరుకుతుందేమో.

ఇంటర్ కు బాపు కాలేజీలోనే చేరాను. రెండో బెంచీలో కూర్చునేదాన్ని. ఆ నియమం చెప్పే రోజు ఆయన ఎందుకో స్టూలు తేలేదు, బోర్డు మీదే బొమ్మ వేశాడు. బరువు ఇరుసుకు దూరంగా ఉంటే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. అదే బరువు ఇరుసు దగ్గరికి వస్తే, ఎవరూ తోయకపోయినా వేగం దానంతట అదే పెరుగుతుంది. వేగం రెండింతలైతే, అంచున ఉన్నవాడు జారిపోకుండా ఉండటానికి కావాల్సిన బలం నాలుగింతలు. ఇంతవరకు అందరికీ చెప్పేదే. తర్వాత సుద్దముక్క జేబులో వేసుకుని, కిటికీలోంచి చెరువు వైపు చూస్తూ, "దీంట్ల తోసినోళ్ల తప్పేం లేదు. గుంజుకున్నోనిదే అంతా" అన్నాడు. క్లాసుకు ఆ మాట అర్థం కాలేదు, రాసుకోవాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు అర్థమైంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మాట అమ్మ ముందు, నాయనమ్మ ముందు కూడా అంటాడని చూశాను. చాయ్ తాగాడు, పేపర్ చదివాడు, తలుపు ఎక్కడ తోయాలో నాకు ఇంకోసారి చెప్పాడు. ఆ మాట అనలేదు. నాయనమ్మ చివరిదాకా నన్ను తోపుడుబండి అనే పిలిచింది.

ఇంత చదువు చదివి, ఆ నియమం పేరు తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకుని, బీఎస్సీ కూడా అదే సబ్జెక్టుతో చేసి, ఆ సాయంత్రం పార్కులో నేను చేసిందేమిటి? నలుగురు పిల్లల బరువును ఒక్క అరుపుతో అంచు నుంచి ఇరుసు దగ్గరికి చేర్చాను. చక్రాన్ని జోరు చేసింది నేను. అంచున మిగిలిన నా బిడ్డ చేతుల మీదికి ఆ నాలుగింతల భారం తోసింది నేను. ఆ తర్వాత అచ్చం మా బాపు లాగే చేయి చాపి పక్కనున్న పిల్లను చూపించాను. నా కళ్లలో కనీసం కారం కూడా లేదు.

ఆ రాత్రి గిన్నెలు సర్దాక బాపుకు ఫోన్ చేశాను. ఆయన, అమ్మ ఇప్పుడు కాజీపేటలో ఉంటారు, పావుగంట దూరం. మనుమరాలి గడ్డం సంగతి విని, కుట్లెన్ని, సూది వేశారా, ఏడ్చిందా అని అన్నీ అడిగాడు. తర్వాత గిర్ర ఎంత వెడల్పుందో కూడా అడిగాడు. చెప్పాను. "బాపూ, ఒకటి అడుగుతా. ఆ తొక్కు పెట్టిన రోజు నేను నిజంగ గట్టిగ తోసిన్నా?"

వెనుక టీవీ మోత వినిపించింది. "గట్టిగెక్కడ తోసినవ్ బిడ్డా. నువ్వు తోసింది స్టూలుకు తెల్వనే తెల్వలె. నేనే గుంజుకున్న."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"అవ్వ చేతిల తెడ్డుండె."

"తర్వాతన్న చెప్పొచ్చు గద?"

"చెప్పిన గద, ఇంటర్ల. క్లాసుల చెప్పలేదా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆయన లెక్కలో ఆ బాకీ తీరిపోయే ఉంది. నవ్వు ఆపుకోలేకపోయాను. "క్లాసుల కాదు బాపూ. పేరు పెట్టిన కాడ చెప్పాలె" అన్నాను. ఆయన "ఆగు, మీ అమ్మకు ఇస్త, ఆమెకు ఇప్పుడే చెప్త" అన్నాడు. ఫోన్ లో దూరంగా ఆయన గొంతు, తర్వాత అమ్మ గొంతు. "ఆ సంగతి నాకు ఆ రోజే ఎరుకే. తొమ్మిదేండ్ల పిల్ల తోస్తే సారు గంత జోరుగ ఎట్ల తిరుగుతడు?" అని వినిపించింది. అమ్మ ఇంటర్ ఫెయిలు.

మా చిన్నప్పుడు మమ్మల్ని ఎవరూ ఇంతగా కాపలా కాసేవాళ్లు కాదు. పొద్దున చద్దన్నం తిని బయటపడితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాళ్లం. మోకాళ్ల మీద ఎన్ని దెబ్బలున్నాయో మా అమ్మలకు లెక్క తెలియదు. నేను నా పిల్లల దెబ్బలన్నీ తారీఖులతో సహా చెప్పగలను. నాకు ఆ రోజులే మంచివి అనడానికి నోరు రాదు. అప్పటి ఆ తెగింపులో, పిల్లల ముందు పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. మా తరంలో కాపలా పెరిగింది, తప్పు ఒప్పుకునే సంగతి మాత్రం ఇంకా మా నాయనమ్మ వాకిట్లోనే ఉండిపోయింది.

నాకు ఇంట్లోనే, నిత్య చెవిలో చెప్పేసి ముగిద్దామనిపించింది. మర్నాడు పొద్దున దానికి జడ వేస్తూ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను కూడా. అలా చెబితే అది బాపు క్లాసులో చెప్పినట్టే అవుతుంది. నేను దాని మీద అరిచింది పార్కులో, అందరి ముందు. అందుకే వాళ్ల నాన్నను కూడా కిందికి రమ్మన్నాను. గేటు దగ్గర స్కూల్ బస్సు కోసం నిన్నటి ముగ్గురు పిల్లలు, వాళ్ల తల్లులు నిలబడి ఉన్నారు. మిన్ను గడ్డం మీది పట్టీని అందరికీ చూపిస్తోంది. నిత్య బ్యాగు పట్టుకుని గోడ వైపు తిరిగి ఉంది. నేను దాని భుజం మీద చేయి వేసి, అందరికీ వినపడేలా ఇలా చెప్పాను.

"నిన్న గిర్రను జోరు చేసింది నిత్య కాదు, నేను. మీరందరు అంచుల కూసున్నప్పుడు అది మెల్లగనే తిరుగుతుండె. నేను లోపలికి రమ్మని ఒర్రిన, మీరు నా మాట విని నడుమకు పోయిన్రు, అందుకే జోరైంది. నాకు తెలిసి కూడ భయానికి మర్చిపోయిన. నిత్యను ఉత్తగనే తిట్టిన, అది కూడ నా తప్పే. ఇంకోసారి నేను గట్ల ఒర్రితే, వెంటనే వినకుండ్రి. చిన్నోళ్లు ఎక్కడున్నరో ముందు చూడుండ్రి, చూసినంక నా మాట వినాల్నా వద్దా మీరే చెప్పుండ్రి."